గంగమ్మకు వదిలిన దీపం

బర్మా రాజధానిలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో వాన పట్టుకుందంటే మధ్యాహ్నం మూడింటికే ఇళ్ళల్లో దీపం కావాలి. ఇక డెబ్బై నాలుగు నాటి కరెంటు సంగతి అడక్కండి. పొద్దుట పోయింది, మళ్ళీ దాని అజ లేదు. రాజ్యం కిటికీ వారకి స్టూలు లాక్కుని తండ్రికి నవల చదివి వినిపిస్తోంది.

గోపాలం ఒకప్పుడు బోటాటౌంగ్ రేవులో గుమాస్తా. కళ్ళు రెండూ పోయి నాలుగేళ్ళయింది. అయినా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు నుంచి ఇంగ్లీషు గూఢచారి నవలలు తెప్పించుకోవడం మానలేదు. అన్నీ మొదటి యుద్ధం నాటివి, పురుగులు తినగా మిగిలినవి. కూతురు ఇంగ్లీషులో చూసుకుని తెలుగులో చెప్పాలి. అలవాటంటే అలాంటి అలవాటు మహానుభావుడిది.

ఆ రోజు మాత్రం రాజ్యం మనసు పుస్తకం మీద లేదు. ఎలా ఉంటుంది? ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో సమ్మె జరిగిన మర్నాడు ఆమె మొగుడు బంగారురాజును పట్టుకుపోయారు. పదకొండు రోజులైంది. ఉన్నాడో పోయాడో చెప్పిన నాథుడు లేడు. నిన్న నిఘా శాఖ మనిషొకడు వచ్చి, నవ్వుతూనే, బల్ల మీద ఒక కాగితం పెట్టి పోయాడు. సమ్మె కరపత్రాలు రాసింది పక్కింటి చంద్రరావు మాస్టారేనని గోపాలం ఇస్తున్న సాక్ష్యం అది. అంతా బర్మా భాషలో టైపు కొట్టి ఉంది. చూపు లేని మనిషి కాబట్టి వేలిముద్ర చాలట. ఇవాళ ఐదింటికి మళ్ళీ వస్తాడు. ముద్ర పడితే బంగారురాజు రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాడు.

మాస్టారు ఏ పాపం ఎరగడు. రాజ్యానికి ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది ఆయనే. అయినా తండ్రిని ముద్ర వెయ్యమనే అడిగింది. సిగ్గుతో చచ్చిపోతూ అడిగింది. "ఓ వేలిముద్రే కదమ్మా, ఏటుంది అందులో" అని గోపాలం తేల్చేశాడు. ముందు కథ కానిమ్మన్నాడు.

కథలో ఇంగ్లండులో ఏదో రేవు. యుద్ధకాలం. ఊరంతా దీపాలార్పుకుని కూర్చుంటే, ఎవడో శత్రువుల ఓడలకి దీపంతో సైగలు చేస్తున్నాడు. రాజ్యం పేజీ తిప్పింది. తడిసిన గోనెసంచుల వాసన గుప్పుమంది. పాత కాగితం కదా అనుకుని చదువుకుపోయింది.

'రేవు గుమాస్తా దొర దగ్గరికి పరుగెత్తాడు. అరటి దొప్పలో దీపం పెట్టి నదిలో వదులుతున్న కూలీని వేలెత్తి చూపించాడు...'

ఆగింది. ఇంగ్లండులో అరటి దొప్పేమిటి? మళ్ళీ చూసింది. అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉంది. కింది వరసలో ఆ కూలీ పేరు కూడా ఉంది. ధర్మరాజు.

ఆమె పైకి చదివిన ఆ పేరు చెవిన పడగానే గోపాలం రెండు చేతులా మంచం పట్టె పట్టుకున్నాడు. చాలు, మూసెయ్యమన్నాడు. రాజ్యం పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. బయట చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"మూసెయ్యమన్నానా?" అన్నాడు గోపాలం కాసేపటికి, గొంతు తగ్గించి.

"మూసేశాను నాన్నా."

"మరి సదువుతున్నదెవరు?"

రాజ్యం చెవి ఒగ్గింది. వాన చప్పుడు... అంతే. కాదు... ఆ చప్పుడు కింద ఇంకొకటి ఉంది. మగగొంతు. సన్నగా... నోట్లో నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టు. మంచం తలాపి వైపు నుంచి వస్తోంది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"సెప్పు బాబూ... ఇంకెవరు?" అంటోంది ఆ గొంతు.

గోపాలం చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ముప్పై మూడేళ్ళు కడుపులో దాచుకున్నదంతా కక్కేశాడు. జపాను విమానాలొస్తాయని రేవంతా చీకటి చేసిన రోజులవి. ధర్మరాజు పెళ్ళాం మూడు రోజులుగా నొప్పులు పడుతోంది. వాడు గంగమ్మకి మొక్కుకుని దొప్పలో దీపం వదిలాడు. అది ఏమిటో గోపాలానికి బాగా తెలుసు, తన ఊళ్ళో తన తల్లీ వదిలేది. కానీ ఈ దిక్కుమాలిన నవలల పిచ్చి తలకెక్కి ఉంది. తానూ ఒక గూఢచారిని పట్టుకోవాలి, దొర భుజం తట్టాలి. దొర తట్టాడు కూడా. గంగమ్మ దీపమని ఒక్క మాట చెప్పండి బాబూ అని లారీ ఎక్కేదాకా ధర్మరాజు బతిమాలాడు. గోపాలం నోరు విప్పలేదు. తెల్లారేలోగా వాణ్ణి కాల్చేశారు.

"నేనెయ్యనమ్మా ముద్ర. ఇంకో మనిషిని సంపలేను."

రాజ్యానికి కోపం తన్నుకొచ్చింది. ఎప్పుడో నువ్వు చేసినదానికి ఇప్పుడు నా పసుపు కుంకాలు తీస్తావా అని అడగబోయింది. పక్కింట్లో మాస్టారు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నారు. ఆ గొంతులు విని అడగడం మానేసింది. ఏడ్చింది. ఏడ్చి, ఏడ్చి, సరే నాన్నా అంది. కాగితం చింపేద్దామని లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది.

బల్ల మీద కాగితం లేదు.

బల్ల కింద చూసింది. పరుపెత్తి చూసింది. తలుపుకి లోపలి గడియ వేసినది వేసినట్టే ఉంది...

ఐదింటికి తలుపు తట్టారు. నిఘా మనిషి, మంచి హుషారుగా ఉన్నాడు. మీకు శ్రమ అక్కర్లేదు, కాగితం అందింది అన్నాడు. గంట కిందట మీ మనిషే, రేవు కూలీలా ఉన్నాడు, తడిసి ముద్దయి ఆఫీసుకి తెచ్చిచ్చాడట. వేలిముద్ర చక్కగా పడిందట. అతను చెబుతుండగానే పక్కింట్లో ఎక్కాలు ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి కేక పెట్టింది. వీధిలో లారీ స్టార్టయింది.

అతని వెనక, వానలో, బంగారురాజు నిలబడి ఉన్నాడు. పెదవి చిట్లింది. మనిషి సగమయ్యాడు. రాజ్యం అతని వైపు ఒక్క అడుగు వేసి ఆగిపోయింది.

నిఘా మనిషి సంచిలోంచి తెల్లకాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. గోపాలం దగ్గర ఇంకా చాలా పేర్లున్నాయని, రోజుకొకటి చొప్పున ఇస్తాడని, తానే తెచ్చి అందిస్తానని ఆ కూలీ మాటిచ్చాడట. గోపాలానికి మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

రాజ్యం తండ్రి దగ్గరికి పరుగెత్తింది. గోపాలం కుడిచెయ్యి పిడికిలి బిగించి, పొట్టలోకి నొక్కుకుని కూర్చున్నాడు. బలవంతాన విప్పింది. బొటనవేలు నల్లగా, తడిగా ఉంది. ఆ ఇంట్లో చుక్క సిరా లేదు. కొంగుతో తుడిచింది. గట్టిగా రుద్ది తుడిచింది. తుడిచిన చోటే, చర్మం లోపలి నుంచి, సిరా మళ్ళీ ఊరుతోంది...