మోటార్లు ఆగిన మధ్యాహ్నం

“స్వస్థతేనా, అన్నయ్యా?”

“స్వస్థతే, సలోమీ. నువ్వో?”

“ప్రభువు కృప. స్వస్థతే.”

పక్కింటి వసారాలోంచి వచ్చే ఆ పలకరింపుతోనే నతానియేలుకు రోజూ తెల్లవారేది. ఒకప్పుడు ఈ తీరంలో జనం “బాగున్నారా” అని అడిగేవారు. “ఏం బాగులే, మోకాళ్ళు పట్టేశాయి” అనో, “రాత్రంతా ఒకటే దగ్గు” అనో జవాబు వచ్చేది. ఇప్పుడు అడిగే మాటా ఒకటే, చెప్పే మాటా ఒకటే.

సముద్రం ముందుకొచ్చాక రేపల్లె దిగువన ఎత్తైన స్తంభాల మీద కట్టిన కాలనీ అది. ఇళ్ళ కింద ఉప్పునీళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య చెక్క వంతెనలు. నతానియేలు అక్కడి మంచినీళ్ళ యంత్రశాలలో పనిచేస్తాడు. ప్రతి ఇంటి కిందా ఉప్పునీటిని తీపి చేసే మోటారు ఒకటి ఉంటుంది. ఎండ మండే మధ్యాహ్నం వేళ మోటార్లన్నీ ఒక్కసారే తిరుగుతాయి. ఆ రొదలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు.

అతను కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేసరికి స్పర్శ వేళ అయింది. భార్య మరియరత్నం అప్పటికే కుర్చీలో కూర్చుని, నెత్తిన ముసుగు వేసుకుని ఉంది.

గోడ అరలో విశ్వాస దీపం ఉంది. అరచేతిలో ఇమిడే గాజు బుడ్డి అది. ఇంట్లో ఎందరుంటే అందరి మణికట్లకూ సన్నటి నాడిపట్టీలు ఉంటాయి. నాడి, ఊపిరి, గొంతులోని వణుకు అన్నిటినీ ఆ పట్టీలు దీపానికి చేరవేస్తాయి. ఇంటిల్లిపాదీ నమ్మితే దీపం తెల్లగా వెలుగుతుంది. ఒక్కరు సందేహించినా పసుపు తిరుగుతుంది. తెల్లబడితేనే కుర్చీ పైనున్న కరఛత్రం కిందికి దిగి, లోపలి మెత్తటి చెయ్యి రోగి నెత్తిన ఆనుతుంది. దైవజనులు కెరూబు గారి చేతికి ఎంత బరువుందో, ఎంత వెచ్చదనముందో దానికీ అంతే. నూనె వాసన కూడా అదే. ఆయన తెర మీద ఒక్కసారి చెయ్యి చాపితే, తీరం పొడవునా లక్షల తలల మీద ఆ చెయ్యి ఒకేసారి వాలుతుంది.

నతానియేలు పట్టీ బిగించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటిలాగే ప్రార్థన చెయ్యలేదు. ఒక పాత సంగతి తలుచుకున్నాడు. పెళ్ళికి ముందు ఒక క్రిస్మస్ ఆరాధనలో కరెంటు పోయింది. హార్మోనియం ఆగిపోయింది, పాడేవాళ్ళంతా ఆగిపోయారు. రత్నం ఒక్కతే ఆగలేదు. చీకట్లో, చరణం తప్పకుండా, చివరిదాకా పాడింది. ఆ గొంతు చెవిలో పడగానే అతని గుండె ఇప్పటికీ నెమ్మదిస్తుంది.

దీపం తెల్లబడింది. కరఛత్రం దిగింది.

దొంగ సొమ్ముతో కానుక వేసినవాడిలా అతను తల దించుకున్నాడు.

అతనికి దేవుడి మీద సందేహం ఎన్నడూ లేదు. సందేహమల్లా ఆ గాజు బుడ్డి మీద, తెల్లటి గగననౌకలో తిరుగుతూ పాలరాతి తేజోగోపురంలో ఉండే ఆ దైవజనుడి మీద. అదైనా ఒక చిన్న విషయంతో మొదలైంది. ఒకనాడు తెర మీద ఆయన్ని చూస్తూ, “గుడ్డోళ్ళకి చూపు ఇస్తన్నాడు గదా, మరి ఆయనకి కళ్ళజోడెందుకు?” అన్నాడు. రత్నానికి నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, “హుష్! దీపం ఇంటది, ఊరుకోవయ్యా” అంది. దీపం నిజంగానే విన్నది. పసుపు తిరిగింది.

మరునాడే పరిచర్య పడవలో దీపాల పెద్ద జకర్యా దిగాడు. నిలువెత్తు మనిషి, మాట మాత్రం మెత్తన.

“నతానియేలన్నా, అక్కకి స్వస్థత ఎప్పుడో వచ్చేసింది. గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. లోపలికి రానీకుండా ఎవరో అడ్డం నుంచున్నారు. ఎవరో నేను చెప్పక్కర్లేదుగా?”

రత్నానికి అప్పటికే కడుపులో ఏదో గట్టిగా తగులుతోంది. జకర్యా వెళ్ళాక ఆమె ఆ గడ్డ మాట మళ్ళీ ఎత్తలేదు. తన సందేహం దీపానికి తగలకుండా నతానియేలును కొన్నాళ్ళు స్పర్శ వేళకు బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. వంతెన మీద పోయేవాళ్ళు అతన్ని చూసి తల తిప్పుకునేవారు. భార్య ప్రాణానికి అడ్డం నిలబడ్డ మనిషి కదా మరి. చివరికి దీపాన్ని తెల్లబరిచే ఉపాయం అతనికి అనుకోకుండా దొరికింది. ఆ దీపానికి ప్రేమకూ విశ్వాసానికీ తేడా తెలియదు.

ఆ ఇంట్లో అందరికంటే ముందు పోయింది ‘నొప్పి’ అనే మాట. స్వస్థత ముందే ఇవ్వబడిందని, నొప్పి ఉందనడం దాన్ని కాదనడమేనని తేజోగోపురం బోధ. ఆ మాట పలికితే చాలు, గొంతులోని వణుకు పట్టుకుని దీపం రంగు మారేది. కాలనీలో వైద్యశాల ఉండేది. ఎవరూ రాక మూతపడి, ఇప్పుడు అందులో వలలు పెట్టుకుంటున్నారు.

దీపాలు రాకముందు నతానియేలు సంఘ పెద్ద. ఎవరికైనా జబ్బు చేస్తే నూనె బుడ్డితో వెళ్ళేవాడు. అతని తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు “ఎక్కడమ్మా నొప్పి?” అని అడగాలి. చెప్పుకునేదంతా వినాలి. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ప్రార్థన అయ్యాక, అవసరమైతే పడవ కట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కరఛత్రం ఎవరినీ ఏదీ అడగదు.

“రత్నం, ఓసారి పట్నం ఆసుపత్రికి పోదామా?” అన్నాడు ఆ ఉదయం, చెయ్యి పైకి లేచాక.

దీపం అంచున పసుపు కదిలింది. ఆమె చప్పున దానికేసి చూసింది.

“ఎందుకయ్యా, స్వస్థతే గదా నాకు” అని నవ్వింది. ఆ నవ్వు మీద అతనికి ఎందుకో నమ్మకం కుదరలేదు. కానీ ఏమడగాలో కూడా తెలియలేదు. అడిగే మాటను ఇంట్లోంచి పంపేసి చాలాకాలమైంది.

ఆ మధ్యాహ్నం పెద్ద గొట్టంలో ఇసుక చేరింది. మోటార్లు తిప్పితే కాలిపోతాయి. కాలనీ మొత్తానికీ మోటార్లు ఆపి, నతానియేలు గొట్టాల వెంట చిన్న పడవలో ఇళ్ళ కిందికి బయల్దేరాడు. ఆ వేళప్పుడు అక్కడ అంత నిశ్శబ్దం అతను ఎన్నడూ ఎరగడు. స్తంభాలకు నీళ్ళు తగిలే చప్పుడు కూడా వినిపిస్తోంది.

అప్పుడు వినపడింది ఒక మూలుగు.

ఏ కుక్కో చిక్కుకుందనుకున్నాడు. తెడ్డు ఆపి చెవి ఒగ్గాడు. అది సలోమి ఇంటి కింద. మోటారు పక్కన, పడవ దిగే మెట్టు మీద, సలోమి నడుము రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. అతన్ని చూడలేదు. ఇంకాస్త ముందుకు పోతే మరో ఇంటి కింద ఎవరో ముసలాయన పళ్ళు బిగించి “అబ్బా, అబ్బా” అంటున్నాడు. ఆ అవతల ఇంకో గొంతు. మోటార్లు ఎప్పటిలా తిరుగుతాయనుకుని కిందికి దిగినవాళ్ళు అందరూ. మొదలైన మూలుగును మధ్యలో మింగలేకపోతున్నారు. పైన దీపం ఉంటుంది, కింద మోటారు రొద ఉంటుంది. పట్టీ విప్పేసి ఆ రొదలో ఏడిస్తే దీపానికి తెలియదు. ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకోకుండానే, ఎవరికి వాళ్ళు కనిపెట్టుకున్నారు.

నతానియేలు మళ్ళీ తెడ్డు వేశాడు. తన ఇంటి కిందికి వచ్చేసరికి కళ్ళు మూసుకుందామనిపించింది.

రత్నం స్తంభాన్ని కౌగలించుకుని ఉంది. నోట్లో కొబ్బరి తాడు ముక్క. అది నలిగి, పీచుపీచుగా అయిపోయి ఉంది. ఎన్నాళ్ళుగా కొరుకుతోందో.

“రత్నం.”

ఆమె ఉలిక్కిపడి తాడు వెనక్కి దాచింది. మిఠాయి దొంగిలించిన పిల్లలా.

“మోటారు ఎందుకాపావయ్యా?” అంది.

మరునాడు వాళ్ళు చేరిన పట్నం ఆసుపత్రి పై కప్పు మీద తెల్లటి గగననౌక ఒకటి ఆగి ఉంది. తోక మీద తేజోగోపురం గుర్తు. నతానియేలు దాన్ని చూసి, “ఎవర్నో పరామర్శించడానికి వచ్చుంటారు” అన్నాడు. మనిషిని గురించి తెలియకుండా చెడు అనుకోవడం అతనికి చేతకాదు.

మంచం మీద పడుకున్న రత్నం కిటికీలోంచి చూసింది. “కళ్ళజోడు మార్పించుకోటానికి వచ్చుంటాడులే” అంది. నవ్వబోతే కడుపు పట్టేసింది. మొహం ముడుచుకుపోయింది. అయినా కంటి చివర నవ్వు మిగిలింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. పరీక్షలన్నీ చూసి నతానియేలును వరండాలోకి పిలిచింది.

“పోయినేడు తీసుకొచ్చుంటే గడ్డ తీసేసేవాళ్ళమండి. ఇప్పుడు బాధ తగ్గించడం వరకే. ఇంత నొప్పి ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నారో అర్థం కావట్లేదు. మీకెప్పుడూ చెప్పలేదా?”

అతను లేదన్నట్టు తల ఊపాడు. ఇక్కడ మణికట్టుకు పట్టీ లేదు. ఎంత ఏడ్చినా ఏ దీపం రంగూ మారదు. అయినా ఏడుపు రాలేదు.

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

“నాకెందుకు చెప్పలేదు రత్నం?”

“చెబితే దీపం పసుపు తిరుగుద్ది. జకర్యా వస్తాడు. నీ మొగుడే అడ్డం అంటాడు. మళ్ళీ నిన్ను మెట్ల మీద కూకోబెడతారు.” ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. “నీకు ఆ దీపం మీద నమ్మకం లేదని నాకు తెలవదా? మరి తెల్లగా ఎట్టా వెలిగిచ్చేవాడివో, అదే అర్థమయ్యేది కాదు.”

“నిన్ను తలుచుకునేవాణ్ణి. కరెంటు పోయిన క్రిస్మస్‌నాడు నువ్వు పాడావే, అది.”

ఆమె దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంది.

“నేనూ స్వస్థత అడగలేదయ్యా” అంది చివరికి. “నీ మీద నింద పడకుండా చూడమని అడిగా. రోజూ అదే ప్రార్థన.”

ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వెలిగించిన ఆ తెల్లటి వెలుగులోనే ఏడాది గడిచిపోయింది. బైబిల్లో, స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ రోజు ఆయన చేతికి పట్టీ కట్టి ఉంటే, ఈ దీపం ఏ రంగు చూపించేదో అనుకున్నాడు నతానియేలు.

వానలు మొదలవక ముందే రత్నం వెళ్ళిపోయింది. మందుల పుణ్యమా అని చివరి రోజుల్లో నొప్పి తగ్గి, ఒకటి రెండు సార్లు పాడింది కూడా.

సమాధి అయిన మరునాడు ఆదరణ కూడిక పెట్టారు. ప్రతి ఇంటి నుంచీ ఒకరిద్దరు వచ్చి చిన్న గదిలోకి, వసారాలోకి, వంతెన మీదికి సర్దుకున్నారు. జకర్యా ప్రార్థన చేశాడు. అందరూ రత్నాన్నే తలుచుకుంటున్నారు. ఆమె చేపల పులుసు, ఆమె పాట, ఎవరి పురుడుకో తెల్లారేదాకా కూర్చోవడం. దీపం మెల్లగా తెల్లబడింది. ఎన్నడూ లేనంత తెల్లగా గదినంతా నింపింది. ఖాళీ కుర్చీ మీదికి కరఛత్రం దిగింది. ఎవరి తలా లేని చోట, ఆ మెత్తటి చెయ్యి గాలిలో ఆగింది.

“సహోదరీ, నీ విశ్వాసం సంపూర్ణమైంది” అంది దీపంలోంచి కెరూబు గారి గొంతు, మృదువుగా. “నీవు స్వస్థత పొందావు. సాక్ష్యం చెప్పు.”

సాక్ష్యం చెప్పమన్నాక గదిలో పలికిన మాట కాలనీలోని ప్రతి దీపంలోనూ వినపడుతుంది. అది ఏర్పాటు. జకర్యా కంగారుగా దీపం ఆపడానికి చెయ్యి చాపాడు.

“ఉండు తమ్ముడూ” అన్నాడు నతానియేలు. “ఆమె బదులు నేను చెబుతా.”

లేచి నిలబడ్డాడు.

“రత్నానికి నొప్పిగా ఉండేది. ఏడాది పైనే ఉంది. మోటారు తిరిగేటప్పుడు కిందికి పోయి, తాడు కొరుక్కుని ఏడ్చేది. నాకు తెలవలేదు. నేను అడగలేదు. నాకిప్పుడు నొప్పిగా ఉంది. అంతే నా సాక్ష్యం.”

దీపం పసుపు తిరిగింది. కిటికీలోంచి చూస్తే పక్కింట్లో దీపం, దాని పక్కింట్లో దీపం, వంతెన పొడవునా ఒకటి తర్వాత ఒకటి పసుపు తిరుగుతున్నాయి. కరఛత్రం పైకి లేచి మూసుకుపోయింది. జకర్యా ఏదో అనబోయాడు. అతని చెయ్యి తన పక్కటెముకల మీదికి పోయి అక్కడే ఆగిపోయింది.

గుమ్మం దగ్గర కూర్చున్న సలోమి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉంది. అక్కణ్ణుంచే, వినీ వినపడనంత మెల్లగా అంది.

“అన్నయ్యా... నాక్కూడా.”

నతానియేలు పెట్టె తెరిచి, అడుగున ఉన్న పాత నూనె బుడ్డి తీశాడు. మూత బిగుసుకుపోయి ఉంటే కొంగు అందించారెవరో. దాంతో పట్టి తిప్పాడు. వేలికి నూనె అంటుకుంది. గుమ్మం దగ్గరికి వచ్చి, సలోమి ఎదురుగా కింద కూర్చున్నాడు. చెయ్యి ఇంకా ఆమె తల మీద పెట్టలేదు.

“ఎక్కడమ్మా నొప్పి?” అని అడిగాడు.