మ్యూట్ బటన్ సాక్ష్యం

తెర మీద ఆక్సిజన్ అంకె ఎనభై ఐదుకి పడింది. అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

ఆమె చేతులు ఆగలేదు. పంపు తిరుగుతూనే ఉంది. గొట్టాల్లో ఎర్రరంగు నీళ్లు పరుగెత్తుతున్నాయి. మరి తేడా ఎక్కడ?

గోడకున్న గ్యాస్ మీటరు వైపు చూసింది. గాజు గొట్టంలో పైకి తేలుతూ ఉండాల్సిన చిన్న బంతి అడుక్కి చేరింది.

గ్యాస్ ఆగిపోయింది!

మీటరు నుంచి మెషీన్ దాకా నేల మీద పరిచిన సన్నటి ట్యూబు వెంట వంగి చూసింది. ఒకచోట ఆమె చూపు ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది.

పక్కనే ఉన్న సిలిండరుకి వేరే ట్యూబు తగిలించింది. రెండో కొస మెషీన్‌కి బిగించి వాల్వు తిప్పింది.

డెబ్బై తొమ్మిది. ఎనభై నాలుగు. తొంభై ఆరు.

అలారం ఆగింది. బల్ల మీది రబ్బరు బొమ్మ బతికి బయటపడింది.

సర్జన్ గుండెని ఆపి ఆపరేషన్ చేసేంతసేపూ గుండె పనీ, ఊపిరితిత్తుల పనీ ఒక మెషీన్ చేస్తుంది. దాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టు కావడానికే ఆ గదిలో పదిమంది చదువుతున్నారు. ఈ ప్రాక్టికల్ గట్టెక్కితే సోమవారం మొదటిసారి అసలు ఆపరేషన్ థియేటర్‌లో అడుగు పెట్టొచ్చు.

"పనికి పదికి పది," అంది పెద్ద మేడమ్, చక్రాలున్న ఆఫీసు కుర్చీలోంచి కదలకుండా. "గొంతుకి సున్నా. గ్యాస్ పోయిందని ఒక్క ముక్క అన్నావా? రేపు సర్జనే పొరపాటు చేస్తే? 'ఆగండి సార్' అనలేని మనిషిని నేను థియేటర్‌లోకి తీసుకెళ్లను."

బ్యాచ్ అంతా ఆమెని మ్యూట్ బటన్ అని ఊరికే పిలవదు.

అద్దాల గదిలోంచి అతను గబగబా బయటికొచ్చాడు. అతనూ ఆ పదిమందిలో ఒకడే అయినా, దొంగచాటుగా మెషీన్‌కి ఫాల్టులు పెట్టే డ్యూటీ అతనిది. అందుకే అందరికీ విలన్.

"మేడమ్, ఆ గ్యాస్ నేను ఆపలేదు."

"మరి దెయ్యం ఆపిందా? ఇవాళ పెట్టమని చీటీలో నేను రాసిచ్చింది కరెంటు కోత ఒక్కటే. ట్యూబులు పరిచింది నువ్వు. ఐదు నిమిషాల్లో నిజం తేలాలి. లేకపోతే సోమవారం లిస్టులో నీ పేరుండదు. బయటికెళ్లండి ఇద్దరూ!"

వరండాలో వర్షం కిటికీలని బాదేస్తోంది.

"నేనే చేశాననుకుంటున్నావు కదూ?" అన్నాడు విలన్.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అబద్ధం. ప్రాక్టీసు రోజుల నుంచీ నీకే కష్టమైన ఫాల్టులు పెడుతున్నా. నీ మీద పగబట్టాననేగా నీ ఉద్దేశం?"

"అవును."

"చూశావా!"

"అవునన్నది పగ గురించి. ఇవాళ్టి గ్యాస్ గురించి కాదు."

"కాస్త గట్టిగా తల్లీ! ఈ వర్షంలో నీ మాటలకి సబ్‌టైటిల్స్ కూడా పడట్లేదు."

చేతిలోని ఫైలుతో అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

అతను నవ్వి, అంతలోనే చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. "పగా కాదు, పాడూ కాదు. తేలికది పెడితే రెండు నిమిషాల్లో పట్టేసి వెళ్లిపోతావు. కష్టమైంది పెడితే ఇరవై నిమిషాలుంటావు. అద్దం వెనక నుంచి హాయిగా చూస్తూ కూర్చోవచ్చు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఏం చూస్తూ?"

"నిన్నే. పెదవి కొరుక్కుంటూ, ట్యూబులతో లోలోపల పోట్లాడుతూ ఉంటావే, దాన్ని." గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మకి కూడా చెప్పేశా."

"నా గురించా!"

"ముందు సోమవారం గురించి. 'గుండె ఆగడం దగ్గరుండి చూస్తానమ్మా' అన్నా. ఆవిడ సగమే విని, ఆగింది నా గుండే అనుకుని, నాన్నచేత అంబులెన్సుకి ఫోన్ చేయించింది."

ఆమెకి నవ్వాగలేదు.

"ఆ గొడవ సర్దుకున్నాక నీ గురించి చెప్పా. 'ఆ పిల్ల మాట్లాడుతుందా?' అంది. మనింట్లో మాట్లాడేవాళ్లకి కరువేముందమ్మా, వినే మనిషి కావాలి అన్నా."

"వినడానికే అయితే నేను రాను," అంది నెమ్మదిగా.

"మరి దేనికొస్తావు?"

"ముందు సోమవారం రానీ."

అతని నవ్వు వెలిసిపోయింది. "సోమవారం నేనుండనుగా. పర్లేదులే, వచ్చే బ్యాచ్‌తో వెళ్తా."

"నేను చూశాను."

"ఏంటి?"

"ట్యూబుని నొక్కిందెవరో."

అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఎవరు? చెప్పవేం మరి?"

"చెప్తే నాకూ సోమవారం ఉండదేమో."

విలన్ ఆమె మొహంలోకి చూశాడు. ఈసారి వేళాకోళం లేదు. "అయితే చెప్పకు. ఇద్దరిలో ఒకళ్లమైనా వెళ్లాలి."

ఆ మాటే ఆమెని నిలవనీయలేదు.

"మా నాన్న బస్సు కండక్టరు," అంది. "కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి 'ఆపు' అంటే, ముందున్న డ్రైవరు బ్రేకు తొక్కాల్సిందే. ఆయన కూతుర్ని నేను."

తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

పెద్ద మేడమ్ అదే కుర్చీలో కూర్చుని మార్కులు వేస్తోంది. ఎనిమిది జతల కళ్లు ఇటు తిరిగాయి.

"మేడమ్, ఒక్కసారి లేస్తారా?"

"ఏమిటీ?"

"కుర్చీలోంచి లేవండి మేడమ్."

మేడమ్ కళ్లజోడు సర్దుకుంటూ లేచి నిలబడింది. మ్యూట్ బటన్ ఆ కుర్చీని పక్కకి లాగింది. చక్రం కింద చదునుగా నలిగిన ట్యూబు మెల్లగా ఉబ్బింది. బుస్సుమంది. గోడ మీద మీటరులో బంతి ఒక్క ఉదుటున పైకి లేచింది.

మేడమ్ చక్రాన్ని చూసింది. ట్యూబుని చూసింది. పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు కాబోలు, వెంటనే నొక్కేసుకుంది. ఇంక్ ఆరని ఆ సున్నా మీద పెన్ను ఆనించి అడిగింది.

"గ్యాస్ ఆపిందెవరు? చివరి బెంచీకి వినపడాలి."

గుమ్మంలో విలన్ కొయ్యబారి నిలబడ్డాడు. ఆమె అతని వైపు ఒక్కసారి చూసి, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"మీరే మేడమ్!"