రెండువందల పద్నాలుగు గుట్టలు

"ఇది ఎవరి పని?" అంటూ మట్టి డాక్టర్ మూడో అంతస్తు నుంచి కింద గదికి దిగివచ్చింది. చేతిలో చాపలా చుట్టిన పెద్ద ప్రింటు ఉంది.

కింద గదిలో ఉండేది ఒక్కడే కాబట్టి ఆ ప్రశ్నకు పెద్దగా అర్థం లేదు. అతన్ని అందరూ బొమ్మలాయన అంటారు. అంగారక గ్రహం చుట్టూ తిరిగే కెమెరా పంపిన ఫొటోలను శుభ్రం చేసి, అతికించి, మ్యాపు షీట్లుగా మార్చడం అతని ఉద్యోగం. ఆ షీట్లలో అక్కడి రాళ్లనీ నేల పొరలనీ చదవడం ఆమె ఉద్యోగం. ఎన్నడూ అడుగు పెట్టని నేల మీద పీహెచ్‌డీ చేసినందుకు ఆమెకు ఆ పేరు పడింది. పేరు నచ్చిందా అని ఆమెను ఎవరూ అడగలేదు.

"నాదేనండీ. ఏమైంది?"

"తలకిందులుగా ఉంది. దక్షిణం పైకి పెట్టారు."

"కావాలనే పెట్టాను. ఈ ఫొటో తీసినప్పుడు ఎండ దక్షిణం నుంచి పడుతోంది. వెలుగు పైనుంచి వస్తున్నట్టు ఉంటేనే మన కంటికి ఎత్తుపల్లాలు సరిగ్గా కనిపిస్తాయి. లేకపోతే గుంట గుట్టలా కనిపిస్తుంది."

"నా కళ్ల సంగతి నేను చూసుకుంటాను. మిగతా నలభై షీట్లలో ఉత్తరం పైకి ఉంది. దీన్నీ తిప్పండి."

"మోసపోతారు."

"ఎండ ఎటునుంచి వస్తోందో చూపే బాణం గుర్తు షీటు మూలన ఉంటుందిగా? అది చూసుకునే చదువుతాను. చదవడం నాకొచ్చు."

"చిత్తం, మేడమ్."

ఆమె వెళ్లాక అతను పళ్లు కొరుక్కుంటూ ఫొటోను తిప్పాడు. ఉత్తరం గుర్తును తిప్పాడు. సూర్యుడి బాణాన్ని తిప్పడం మర్చిపోయాడు. ఆమె కూడా ఆ రోజు ప్రింటులో దక్షిణాన్ని తప్ప నేలను చూడలేదు. ఈ కథలో నష్టమంతా ఆ పది నిమిషాల్లోనే జరిగిపోయింది. మిగిలిందంతా ప్రేమ.

మూడు వారాల తర్వాత ఆమె మళ్లీ దిగివచ్చింది. ఈసారి మెట్లు రెండేసి చొప్పున దిగినట్టుంది, ఆయాసపడుతోంది.

"గుట్టలు!" అంది.

"ఎక్కడ?"

"మీ షీట్లో. వరసగా, గుండ్రంగా. బాణం చూశాను, నీడలు కొలిచాను, అన్నీ సరిపోయాయి. నేల కింద నీళ్లుంటే, ఆ ఒత్తిడికి బురద పైకి తన్నుకొచ్చి ఇలా గుట్టలు కడుతుందండీ. నీళ్లు!"

ఇంతవరకూ తనతో పోట్లాడిన మనిషి, ఇప్పుడు ఈ సంగతి మొదట తనకే చెప్పడానికి వచ్చిందని అతనికి కాసేపటికి గానీ తట్టలేదు. తట్టాక ఆ రోజు ఇంకేమీ తోచలేదు.

అప్పటినుంచి మధ్యాహ్నం కాఫీ కింద గదిలోనే. గుట్టలు నలభై అయ్యాయి, తొంభై అయ్యాయి, ఎనిమిది నెలలకు రెండువందల పద్నాలుగు దగ్గర ఆగాయి. వచ్చే ఏడాది అంగారకుడి మీద ఒక అంతరిక్ష నౌక దిగబోతోంది. దిగే చోటు కోసం కమిటీ మూడు స్థలాలు ఎంపిక చేస్తే, అందులో ఒకటి ఆమె గుట్టల నేల. అది గెలిస్తే ఆమె పదేళ్ల చదువుకు అర్థం దొరికినట్టే.

ఒక సాయంత్రం బస్టాపులో వాన పట్టుకుంది. ఇద్దరికీ కలిపి గొడుగు ఒక్కటే, అది ఆమెది.

"మీరు సగం తడుస్తున్నారు," అంది ఆమె.

"మీ ల్యాప్‌టాప్ తడవకూడదని. అందులో గుట్టలున్నాయి కదా."

"గుట్టల కోసమేనా?"

"ప్రస్తుతానికి."

బస్సు వచ్చింది. అది అతనిది. అతను ఎక్కలేదు. తర్వాత ఇంకో రెండు వచ్చాయి, అవీ ఎక్కలేదు. ఆమె లెక్కపెట్టింది కానీ పైకి అనలేదు. లెక్కపెట్టడం ఆమెకు అలవాటే.

కమిటీ మీటింగుకు వారం ముందు, కాఫీ తాగుతూ ఆమె ఒకటే నవ్వు.

"నిన్న ఇంట్లో బల్ల మీద షీటు పరిచి పని చేసుకుంటున్నానా, మా అమ్మమ్మ చూసి, 'ఇన్ని గుంటలేంటే తల్లీ, పడిపోతారు ఎవరైనా' అంది. గుట్టలే అమ్మమ్మా అంటే, 'నలభై ఏళ్లు బట్టలు కుట్టాను, ఉబ్బేదో లొట్టేదో నాకు తెలీదా' అని నా మీదే లేచింది!"

అతనూ పడి పడి నవ్వాడు. ఆ నవ్వుకు తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

మీటింగుకు రెండు రోజులుందనగా, ఆమె స్లయిడ్ల కోసం అదే నేలకు ఇంకో ఫొటో వెతికాడు. వేరే ఋతువులో తీసింది దొరికింది. అందులో ఎండ ఉత్తరం నుంచి పడుతోంది. అది తెర మీదకు రాగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఒక్క గుట్ట కూడా లేదు. అన్నీ గుంటలే. పాత ఫైలు తెరిచి మూలన ఉన్న బాణాన్ని చూశాడు. కెమెరా లెక్కల్లో ఎండ దక్షిణమని ఉంది, బాణం ఉత్తరమంటోంది.

ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదన్న ఆలోచన వచ్చింది. అది ఒక నిమిషం కూడా నిలవలేదని చెప్పాలి. నౌక దిగేది ఆ గుంటల్లోకే. అంతకంటే ముందు, ఆమె ముఖం వైపు జీవితాంతం చూడలేనని అతనికి భయమేసింది. మూడో అంతస్తుకు మెట్లెక్కి వెళ్లాడు.

"ఒక మాట అడగాలి. ఆ రోజు మీ అమ్మమ్మగారు బల్లకి ఎటువైపు కూర్చున్నారు?"

"ఎదురుగా. బొత్తాలు కుట్టుకుంటోంది. ఎందుకు?"

అతను ఆమె బల్ల మీది షీటును పట్టుకుని అమ్మమ్మ చూసిన వైపుకు తిప్పాడు.

ఆమె చూసింది. ముందు నవ్వబోయింది. తర్వాత బాణం మీద వేలు పెట్టింది. ఆ వేలు కదల్లేదు.

"బాణం తిప్పడం మర్చిపోయాను," అన్నాడు. "మీమీద కోపంలో. తప్పు నాదే. డైరెక్టర్‌గారికి రాసి ఇచ్చేస్తాను."

"ఎప్పుడు తెలిసింది?"

"ముప్పావుగంటైంది."

"ఎనిమిది నెలలు," అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. అదే అతనికి భయం కలిగించింది. "ఒక్క బాణం... సరే. మీరు వెళ్లండి."

"నేను..."

"వెళ్లండి ప్లీజ్."

ఆ రెండు రోజులూ కింద గదిలో కాఫీ ఒక్కటే కప్పు. అతను డైరెక్టర్‌కు కాగితం రాసి ఇచ్చాడు. ఆయన చదివి, "మీటింగు కానివ్వు, చూద్దాం," అన్నాడు. ఉద్యోగం పోతే పోయింది, ఆమె తిట్టినా బాగుండేది అనుకున్నాడు. తిట్లు ఆమె మొదటి రోజే ఖర్చుపెట్టేసినట్టుంది.

మీటింగులో అతను చివరి వరసలో కూర్చున్నాడు. ఆమె ఫొటో చూపించింది.

"ఇందులో గుట్టలు కనబడుతున్నవాళ్లు చేతులెత్తండి."

కమిటీలో పదకొండు మందీ చేతులెత్తారు. ఆమె ఫొటోను తిప్పింది. చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"గుట్టల్లేవు. నేల కుంగి పడిన గుంటలు, రెండువందల పద్నాలుగు. కింద అంతా బోలు. ఇక్కడ నౌకను దింపితే మునిగిపోతాం. నా స్థలాన్ని లిస్టు నుంచి తీసేయమని అడుగుతున్నాను."

పదేళ్ల ఆశను ఒక్క వాక్యంలో ఆమె తన చేతులతోనే కొట్టేసుకుంది. అది చూస్తే అతని కళ్లు చెమర్చాయి. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఇంతకీ ఈ పొరపాటు ఎవరిదమ్మా?"

అతను లేచి నిలబడబోయాడు. ఆమె చేత్తోనే కూర్చోమంది.

"ఉత్తరం పైకి పెట్టమని పట్టుబట్టింది నేను సార్. వద్దని చెప్పింది ఆయన. బాణం మర్చిపోయింది ఆయన, ఎనిమిది నెలలు దాన్నే నమ్మి రెండో ఫొటో చూడనిది నేను. కనిపెట్టి వచ్చి చెప్పింది మళ్లీ ఆయనే. అందరికంటే ముందు చూసింది మాత్రం మా అమ్మమ్మ. ఆవిడకి కృతజ్ఞతలు చివరి స్లయిడ్లో ఉన్నాయి."

హాలంతా గొల్లున నవ్వింది. డైరెక్టర్ జేబులోంచి అతని కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, వెళ్తూ వెళ్తూ అతని చేతిలోనే పెట్టేశాడు.

బయట వాన. ఆమె మెట్ల మీద గొడుగు విప్పి నిలబడింది.

"ఎందుకలా చెప్పారు? మీరు ఊరుకుంటే నామీదికే పోయేది కదా," అన్నాడు అతను.

"మీరూ ఊరుకోవచ్చుగా. ఎవరికీ తెలిసేది కాదు." గొడుగును అతని వైపు జరిపింది. "రెండు రోజులు మీమీద కోపం తెచ్చుకోవాలని చాలా కష్టపడ్డాను. కాఫీ వేళకి కాళ్లు మెట్లవైపే పోతున్నాయి."

"నా బస్సు వస్తోంది," అన్నాడు తెలివితక్కువగా.

"ఎక్కుతావా?"

'మీరు' ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ గమనించారు.

"ఆ రోజు మూడు వదిలేశాను," అన్నాడు అతను. "నువ్వుంటే ఎన్నైనా వదిలేస్తాను. చాలా రోజులుగా చెప్పాలని..."

"తెలుసు. లెక్కపెట్టాను. పద, అమ్మమ్మ నిన్ను చూడాలంటోంది."

అమ్మమ్మ బల్ల దగ్గరే ఉంది, ముందు బొత్తాల డబ్బా. అతన్ని కిందికీ పైకీ చూసింది.

"నువ్వేనా బాబూ బాణం మర్చిపోయినవాడివి?"

"నేనేనండీ."

"చెప్పకుండా ఉండగలిగీ చెప్పావట."

అతను తల దించుకున్నాడు. మనవరాలు గోడకు ఆనుకుని కిటికీలోంచి వాన చూస్తోంది, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. అతను మర్యాదగా ఆవిడ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కోబోయాడు.

"ఇక్కడ కాదు," అంది అమ్మమ్మ. "అటు వెళ్లు. ఏమే, నువ్వూ వచ్చి ఆ పక్కన కూర్చో."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బల్లకింద ఎవరి చెయ్యి ముందు కదిలిందో చెప్పలేం. అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అంది.

"మీరిద్దరూ ఒకవైపే ఉండండి. ఎదురుగా కూర్చుని చూడ్డానికి నేనున్నాను."