ఎవరూ తెరవని జోస్యం

సన్మానం శాలువా మడత అప్పటికే విప్పేశారు. కొంప ముంచింది అదే.

విజ్ఞాన పరిషత్తు హాల్లో లైటు వెలగాలన్నా, మైకు పలకాలన్నా, తలుపు తెరుచుకోవాలన్నా "గవాక్షం" కావాలి. గవాక్షం ఓ బ్రౌజర్. ఒకప్పుడు బ్రౌజరంటే నాలుగు వార్తలు, నాలుగు బొమ్మలు చూసుకునే సాధనం. ఇప్పుడు ఊళ్లో ప్రతి మెషినూ అందులో ఓ పేజీ. పొయ్యి ఓ పేజీ, లిఫ్టు ఓ పేజీ. ఆ పేజీ తెరిస్తేనే అది కదులుతుంది. స్విచ్చు నొక్కడం మన మహానుభావులకి నామోషీ అయిపోయింది మరి!

దాన్ని తయారు చేసిన ఘనుడు డాక్టర్ పరాంకుశం. "ముందు ముందు అన్నీ బ్రౌజర్లోనే నడుస్తాయి" అని కుర్రతనంలో ఇదే హాల్లో చెప్పానని కనబడ్డవాడికల్లా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. ఇవాళ్టి బిరుదు కూడా అదే: "మొట్టమొదట చెప్పినవాడు". ఆయన బతుకంతా ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే.

అధ్యక్షుడు ధూర్జటి గొంతు సవరించుకున్నాడు. "ఆ మాట ముందు అన్నది నేనేనని గుర్తు, డాక్టరుగారూ."

"సిగ్గుండాలండీ! ఆ రోజు పగలబడి నవ్విందే మీరు. నా ఉపన్యాసం వీడియో ఉంది, చూపిస్తానుండండి."

పరాంకుశం పెద్ద తెర మీద ఆ పేజీ తెరవబోయాడు. గవాక్షం మర్యాదగా జవాబిచ్చింది: "పదేళ్లుగా ఎవరూ తెరవని పేజీ. చెత్త కింద తీసేశాం."

ఆ నియమం పెట్టిందెవరు? ఈయనే. "ఎవడూ చూడనిది ఉంటేనేం, పోతేనేం!" అని మీసం మెలేసి మరీ పెట్టాడు. మీ వీడియో ఇంకోచోట దాచుకోండి అని భార్య హైమావతి అప్పుడే అంటే, "నా ఉపన్యాసం చూడనివాడుంటాడా?" అని కసిరాడు.

"ఒక్కరు కూడా చూడలేదా?" అన్నాడిప్పుడు.

"ఇంట్లో రోజూ వినేదాన్ని, నేనెందుకు చూస్తానండీ?" అంది ముందు వరుసలోంచి హైమావతి. "కనీసం మీరైనా ఒకసారి తెరిచి చూసుకోవాల్సింది."

హాలంతా కిసుక్కుమంది. పాపం కార్యదర్శి చేతుల్లో శాలువా వేలాడుతోంది. విప్పింది కప్పకుండా మళ్లీ మడిస్తే పరిషత్తు పరువేం కాను? అటూ ఇటూ చూసి, దగ్గరగా ఉన్న ధూర్జటి భుజాల మీద వేసేశాడు. ఆయన వద్దు వద్దంటూనే మెడ వంచాడు.

మరుక్షణం గవాక్షంలో కొత్త పేజీ వెలిసింది: "మొట్టమొదట చెప్పినవాడు, ధూర్జటి." జనం తెరుస్తున్నంతకాలం ఇక దాన్ని తీసేసేవాడు లేడు.

దాన్ని అందరికంటే ముందు తెరిచి చూసింది పరాంకుశమే.