లొరెయిన్ లాటరీ

"పోయినవాళ్ళిద్దరూ ముసలాళ్ళే. ఇద్దరూ తుపాకీ కాల్చడం నేర్చుకుంటూ పోయారు. రెండుసార్లూ పోలీసులు రాసింది ఒకటే మాట. పొరపాటు."

హాల్‌స్టెడ్ రెండు ఫోటోలు టేబుల్ మీద పడేశాడు. ఏజెంట్ రస్ టాబర్ వాటిని ముట్టుకోలేదు, వంగి చూశాడంతే.

"ఎలా జరిగింది సార్?"

"కొత్తవాళ్ళు చేసే తప్పు నీకు తెలుసుగా. గురి ఎన్నాళ్ళకో గానీ కుదరదు. కుదిరిన రోజు ఆ సంబరంలో 'చూశారా!' అంటూ చేతిలో తుపాకీతోనే వెనక్కి తిరుగుతారు. వేలేమో ఇంకా ట్రిగ్గర్ మీదే. ఢాం! వెనకాల నిలబడ్డ ముసలాయన అవుట్. కాల్చినవాళ్ళు వెక్కి వెక్కి ఏడుస్తారు, ఊరంతా ఓదారుస్తుంది. నెల తిరిగేసరికి వాళ్ళు ఊళ్ళోనే ఉండరు."

"ముసలాళ్ళెవరు?"

"ఎప్పుడో సరిహద్దు దాటి మన పంచన చేరిన సైంటిస్టులు. కొత్త పేర్లు, కొత్త ఊళ్ళు ఇచ్చాం. ముగ్గురిలో మిగిలింది ఒక్కడు, వెండెల్ క్రౌస్. కాన్సస్‌లో ఆర్లెట్ అనే ఊరు. ఈమధ్య ఆయనింట్లో ఫోన్ మోగుతోంది. ఎత్తితే ఎవరూ పలకరు. అదీ, వీళ్ళు వదిలొచ్చిన దేశం పంపిన హంతకుల ముఠా వల. భయపడ్డ ముసలాడు ఏం చేస్తాడు? తుపాకీ కొంటాడు. కొన్నాక నేర్చుకోవాలిగా. మొన్నే ఊరి గన్ క్లబ్‌లో చేరాడు."

"ఆయన్ని అక్కణ్ణుంచి తప్పించేద్దాం."

"తప్పిస్తే హంతకుడు మళ్ళీ దొరకడు. చేస్తుండగా పట్టుకోవాలి, లేకపోతే కోర్టులో అది మళ్ళీ పొరపాటే. నువ్వూ ఆ క్లాసులో చేరు, కొత్తవాడిలా. అక్కడ మన డబుల్ ఏజెంట్ ఒకావిడ ఉంటుంది, ఆ ముఠాలో ఉంటూ మనకి కబుర్లు అందిస్తుంది. 'ఈ ఏడు పొద్దుతిరుగుడు పూలు ఆలస్యం' అంటుంది. 'మా పెరట్లో అప్పుడే ఎండిపోయాయి' అను."

లేవబోతూ హాల్‌స్టెడ్ అలవాటు కొద్దీ అడిగాడు. "ఇంట్లో ఏం చెప్తావ్?"

"ఇంట్లో ఎవరూ లేరు సార్."

"అవును కదా. అందుకే నిన్ను పంపుతున్నా."

*

ఏజెన్సీలో గురి చూసి కొట్టడంలో టాబర్ తర్వాతే ఎవరైనా. అలాంటివాడు ఏమీ రానట్టు నటించాలి! పైగా చేతిలో డబ్బుల్లేని కొత్తవాడిలా. తళతళలాడే ఖరీదైన పిస్టల్ పట్టుకుని దిగితే ఆర్లెట్ ఊరు ఊరంతా తలతిప్పి చూస్తుంది మరి.

అందుకని తాకట్టు కొట్టుకి వెళ్ళి, పిడి అరిగిపోయిన పాయింట్ ట్వంటీటూ రివాల్వర్ ఒకటి ఏరుకున్నాడు. దాని తూటా వేలిగోరంత, అన్నిట్లోకీ చవక, కాల్చినప్పుడు తుపాకీ చేతిలో పెద్దగా ఎగరదు కూడా. బిగినర్‌కి అంతకంటే ఏం కావాలి చెప్పండి! కళ్ళద్దాలు హార్డ్‌వేర్ షాపులో దొరికాయి. టార్గెట్లకి పేపర్ ప్లేట్ల కట్ట. చెవులకి పగిలి టేపు వేసిన పాత ఇయర్ మఫ్స్. పాతవి అని చూసేవాళ్ళకే, లోపలున్న చిన్న రేడియోలో మాత్రం హాల్‌స్టెడ్ గొంతు. ఈ మిషన్ మొత్తానికి ఏజెన్సీ ఇచ్చిన గాడ్జెట్ అదొక్కటే.

లాండ్రీ షాపు మీద ఒక గది. కింద మెషీన్లు తిరుగుతుంటే మంచం సన్నగా వణికేది. గోడ మీద ఒక నల్ల చుక్క అంటించాడు. రోజూ సాయంత్రం రివాల్వర్‌లో తూటాల బదులు, గోడకి స్క్రూ బిగించేటప్పుడు పెట్టే పసుపు ప్లాస్టిక్ ప్లగ్గులు వేసి, ఆ చుక్కకి గురిపెట్టి నొక్కేవాడు. క్లిక్. క్లిక్. డబ్బులు లేనివాళ్ళంతా ఇలాగే నేర్చుకుంటారు, ఒక్క తూటా ఖర్చవదు. తేడా ఏంటంటే, వాళ్ళు చెయ్యి కదలకుండా ఉండటం నేర్చుకుంటారు. టాబర్ కదిలించడం నేర్చుకుంటున్నాడు.

ఇంత గదిలో ఆ క్లిక్ తప్ప ఇంకో శబ్దం లేదు. ఒకరోజు ఊరికే "ఎవరూ?" అన్నాడు గట్టిగా. తన గొంతు ఎలా ఉంటుందో వినాలనిపించింది.

*

"ఆ గీత దాటావంటే బస్సులోంచి దింపేసినట్టు దింపేస్తా, తెలిసిందా?"

లొరెయిన్ ప్రూయిట్ పలకరింపు అది. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపిన మనిషి. భర్త పోయాక శనివారాలు ఈ క్లాసు పెట్టుకుంది. ఊరవతల మట్టికట్ట ముందు పసుపు గీత, కాల్చేవాళ్ళొక్కరే గీత ముందు, మిగతావాళ్ళు వెనక. మధ్యలో చెవులు కోసే గాలి.

క్లాసులో ముగ్గురే. టాబర్, వెండెల్, మారిస్సా.

మారిస్సాని చూసి టాబర్ ఒక్క క్షణం చెప్పాల్సిన అబద్ధాలన్నీ మర్చిపోయాడు. ఎర్ర స్కార్ఫ్, బూడిదరంగు కళ్ళు, తుపాకీమందు వాసనలో కూడా తేలొచ్చే సెంటు. టాబర్ పక్కకొచ్చి, గొంతు తగ్గించి అంది.

"ఈ ఏడు పొద్దుతిరుగుడు పూలు ఆలస్యం."

"మా పెరట్లో అప్పుడే ఎండిపోయాయి."

"హమ్మయ్య, వచ్చారా. ముసలాయన్ని నేను చూసుకుంటాలెండి. హంతకుడు ఇంకా ఊళ్ళోకి రాలేదు."

వెండెల్ మాత్రం వీళ్ళెవరినీ పట్టించుకోకుండా కింద రాలిన, పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరుకుంటున్నాడు.

ఇక లొరెయిన్ లాటరీ. కొత్తవాళ్ళకి శబ్దమంటే భయం. తుపాకీ పేలకముందే చెయ్యి ఉలిక్కిపడి కిందికి వాలిపోతుంది. కానీ ఆ చప్పుడులో, ఆ ఎగురుడులో ఉలుకు కనపడదు. అందుకని ఒకళ్ళ రివాల్వర్ ఇంకొకళ్ళు నింపాలి. ఆరు గదుల్లో కొన్ని నిజం తూటాలు, కొన్ని పేలిపోయిన ఖాళీ గొట్టాలు. ఏది ఎక్కడుందో కాల్చేవాళ్ళు చూడకూడదు. ఖాళీది వచ్చినప్పుడు క్లిక్ మంటుంది, చెయ్యి మాత్రం దబ్బున కిందికి వాలుతుంది. దొరికిపోయారన్నమాట!

వరస ఎప్పుడూ ఒకటే. టాబర్ మారిస్సాకి నింపాలి, మారిస్సా వెండెల్‌కి, వెండెల్ టాబర్‌కి. తూటాల డబ్బా ముగ్గురూ కలిసి కొన్నది.

మొదటి శనివారం టాబర్ నొక్కాడు. ఢాం. తర్వాత క్లిక్, క్లిక్, క్లిక్, క్లిక్, క్లిక్.

"ఏంటి వెండెల్ గారూ, ఒక్కటేనా వేసింది?"

"డబ్బా ముగ్గురిదీ కదా నాయనా," అన్నాడు వెండెల్ సిగ్గుపడుతూ. "ఉలుకు తెలియడానికి ఒక్కటి చాలదూ?"

"ఈయన తూటాలు పేల్చడు, బ్యాంకులో వేస్తాడు!" అని లొరెయిన్ పగలబడి నవ్వింది.

*

క్లాసయ్యాక టాబర్, వెండెల్ మెయిన్ రోడ్డు మీద కేఫ్‌లో చిల్లీ తినేవాళ్ళు, బీన్సూ మాంసమూ వేసి ఉడికించిన కారం పులుసు. పక్కనే దాల్చినచెక్క పొడి చల్లిన తియ్యటి రోల్. వెండెల్ ఆ రోల్ తుంచి చిల్లీలో ముంచుకుని, అచ్చం ఆ ఊళ్ళో పుట్టినవాడిలా తినేవాడు.

"ఇల్లాలు ఉందా నీకు?" అడిగాడొకసారి.

"ఉండేది." ఆ మాట నాటకంలోదే. నిజం కూడానూ. "మీకు?"

"ఉండేది. అక్కడే ఉండిపోయింది." ఎక్కడో చెప్పలేదు. స్పూన్‌తో గిన్నె అడుగు గీకాడు. "ఫోన్ మోగుతుంది రస్. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. అయినా నేను వెంటనే పెట్టెయ్యను, తెలుసా? అవతల ఎవరో ఉన్నారు కదా, ఊపిరి వినిపిస్తుంది. కాసేపు వాతావరణం గురించి చెప్తాను."

టాబర్ స్పూన్ కింద పెట్టేశాడు. తనని చంపబోయేవాళ్ళకి ఈయన వాన కబుర్లు చెప్తున్నాడు! ఉన్న నిజమంతా చెప్పేద్దామనిపించింది. చెప్పడానికి లేదు. ఇంకో కాఫీ తెప్పించాడు.

*

మూడో శనివారం మారిస్సా వంతు. ఎప్పట్లాగే అడ్డదిడ్డంగా కాలుస్తోంది, ఒకటి మట్టిలో, ఒకటి ఆకాశంలో. ప్రతి ఢాం‌కీ కెవ్వున అరుపు. తర్వాత ఖాళీది వచ్చింది.

క్లిక్.

తుపాకీ మూతి వెంట్రుకవాసి కదల్లేదు.

టాబర్ ఆ చేతి మీంచి చూపు తిప్పలేదు. మూడు వారాలుగా గోడ ముందు నిలబడి తను నటించడానికి చస్తున్నది ఆ ఉలుకే కదా! పేలిన ప్రతిసారీ ఎగిరే చెయ్యి, క్లిక్ దగ్గర రాయిలా ఉందంటే, ఆ చెయ్యి కొన్ని వేలసార్లు నొక్కిన చెయ్యి. పేలేటప్పటి గంతులన్నీ వేషం. క్లిక్ దగ్గర వేషం వెయ్యడం ఈసారి ఆవిడ మర్చిపోయింది.

మఫ్స్ సర్దుకుంటున్నట్టు నోటి దగ్గరికి లాక్కుని గొణిగాడు. "సార్, మారిస్సానే."

"మతిపోయిందా? అది మన మనిషి. కోడ్ చెప్పిందిగా."

"చెయ్యి కదల్లేదు సార్."

"చెయ్యి కదల్లేదని నేను పైవాళ్ళకి రిపోర్ట్ ఇవ్వనా? పిచ్చిపని ఏదైనా చేశావో, మిషన్ క్యాన్సిల్. నువ్వు ఒంటరిగా ఎక్కువ రోజులున్నావ్ టాబర్."

అది నిజమే. కానీ దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

సరే, ఒక దారుంది. మారిస్సా రివాల్వర్ నింపేది తనే. పోయిన ఇద్దరి విషయంలోనూ ముందొక మంచి గురి, ఆ తర్వాతే 'పొరపాటు'. మొదటి గదిలో నిజం తూటా పెడతాడు, మిగతా ఐదూ ఖాళీలు. తిరిగినప్పుడు పట్టుకుంటాడు. ఎవరి సాయమూ అక్కర్లేదు. అడిగినా ఎవరున్నారు గనక.

*

ఆఖరి శనివారం. లొరెయిన్ చప్పట్లు కొట్టింది.

"ఇవాళ లాటరీ లేదు! ఆరూ నిజం తూటాలే. ఎవరి ప్లేటు బాగుంటే వాళ్ళకి నా చేత్తో చేసిన యాపిల్ కేకు. ఇంకో మాట, ఇన్నాళ్ళూ ఒకటే వరస, నాకు బోరు కొట్టింది. ఇవాళ తిప్పుతున్నా. వెండెల్, నువ్వు మారిస్సాకి నింపు."

టాబర్ ఒక అడుగు ముందుకేశాడు. "లొరెయిన్ గారూ, నేనే నింపుతానండీ, అలవాటైన చెయ్యి..."

"నీకు ఆవిడ మీద కన్నుంటే కేఫ్‌లో చూసుకో నాయనా, నా గీత దగ్గర కాదు!"

మారిస్సా కిలకిల నవ్వింది. వెండెల్ అటు తిరిగి నింపుతున్నాడు. వీపు తప్ప ఏం కనపడటంలేదు. "ఆఖరి రోజు కదమ్మా," అంటున్నాడు, "నీకు ఆరూ పెడతాలే." తన చావుని తనే ఒక్కొక్కటిగా పేర్చుతున్నాడు ముసలాయన.

అరవాలా? అరిస్తే ఆవిడ నవ్వేసి వెళ్ళిపోతుంది. ఇంకో ఊళ్ళో, ఇంకో శనివారం, పక్కన టాబర్ లేనప్పుడు వెండెల్ పోతాడు.

మారిస్సా గీత ముందు నిలబడింది. ఢాం. ప్లేటు నట్టనడుమ గుండ్రటి కంత.

"చూశారా!"

తిరిగింది. చెయ్యి చాచి, మొహమంతా చిన్నపిల్ల సంబరం. కళ్ళు మాత్రం సంబరపడటంలేదు.

టాబర్ గీత దాటాడు. వెండెల్‌కీ ఆ మూతికీ మధ్యకి దూకాడు. ఆ క్షణంలో అతనికి గుర్తొచ్చింది తన చావు కాదు. లాండ్రీ మీద గదిలో నల్ల చుక్క. దాన్ని ఎవరు పీకుతారో.

క్లిక్.

మారిస్సా కనుబొమ్మ ఒక్కటే ముడిపడింది. క్లిక్. క్లిక్.

మూడోదానికి టాబర్ చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. ఒక్క మెలి. రివాల్వర్ మట్టిలో.

"అయ్యయ్యో, పొరపాటు..." కన్నీళ్ళు అప్పుడే తయారు.

"ఒకసారి నొక్కితే పొరపాటు మారిస్సా. మూడుసార్లు నొక్కితే ఉద్యోగం."

మఫ్స్‌లో హాల్‌స్టెడ్ కేకలు. "టాబర్! ఏంటది? ఏంటా శబ్దం?"

"శబ్దం రాలేదు సార్. అదే విశేషం. కారు పంపండి."

లొరెయిన్‌కి భయం కంటే ముందు కోపమొచ్చింది. "వెండెల్! ఆరూ నిజమైనవే పెట్టమన్నానా లేదా?"

వెండెల్ గుప్పిట తెరిచాడు. అరచేతిలో ఐదు తూటాలు, చెమటకి తడిసి.

"పెడదామనే అనుకున్నానమ్మా. ఒకటి పెట్టాను. తర్వాత చెయ్యి రాలేదు."

*

కార్లు వచ్చాయి. ఒకదాంట్లో మారిస్సా, ఇంకోదాంట్లో వెండెల్. కొత్త పేరు, కొత్త ఊరు మళ్ళీ మొదలు. డోర్ వేసేముందు వెండెల్ ఆ ఐదు తూటాలూ టాబర్ జేబులో వేశాడు.

"వృథా చెయ్యకు రస్."

"ఫోన్ చెయ్యొచ్చా?" అన్నాడు టాబర్. చెయ్యకూడదని ఇద్దరికీ తెలుసు.

"చేస్తే మాట్లాడకు. నేనే వాతావరణం చెప్తాలే."

కారు వెళ్ళాక లొరెయిన్ పక్కకొచ్చి నిలబడింది. "నువ్వూ దొంగవేనని మొదటి వారమే తెలుసు నాకు. నీ ఉలుకు క్లిక్ అయ్యాక వస్తుంది. నిజం ఉలుకు ముందే వచ్చేస్తుంది నాయనా."

"మరెందుకు ఊరుకున్నారు?"

"ఒంటరి మగాడు శనివారం గడవడానికి ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు. అదేలే అనుకున్నా."

టాబర్ గదికెళ్ళి గోడ మీద చుక్క తనే పీకేశాడు. సూట్‌కేస్ మూస్తుంటే హాల్‌స్టెడ్ ఫోన్.

"శభాష్ టాబర్! రేపు సామానంతా అప్పజెప్పెయ్. రివాల్వర్, మఫ్స్, మిగిలిన తూటాలు, అన్నీ."

టాబర్ జేబు తడుముకున్నాడు. ఐదూ ఉన్నాయి.

"తూటాలు మాత్రం ఇవ్వలేను సార్."

"ఏం? కాల్చేశావా?"

"లేదు సార్. చెయ్యి రావట్లేదు."