రెండు ముక్కల తాళం

"నీ ముక్క ఉందా, పారేసేవా?"

ఖతార్ నుంచి వచ్చిన మేనబావ గుమ్మంలో అడుగుపెడుతూనే అన్న మాట అది.

లక్ష్మీదుర్గ కుట్టుమిషను ఆపింది. కొత్తపేటలో ఒకటే వాన. శివనాగరాజు నిలువునా తడిసిపోయాడు. తువ్వాలు ఇవ్వాలనిపించినా ఇవ్వలేదు. ఫోన్ ఎత్తలేదన్న గొడవతో మాటలు మానేసుకుని ఎన్నాళ్ళో అయింది మరి.

"ఎందుకంట?"

"అప్‌డేట్ కొడితే వాలెట్ పాడైపోయింది. మనం కాగితమ్మీద రాసుకున్న రహస్య మాటలన్నీ వరసగా కొడితేనే మళ్ళీ తెరుచుకుంటది. నీ వాటా నీకిచ్చేసి పోతాను."

అతని జీతంలో మిగిలిందీ, ఆమె జాకెట్లు కుట్టి కూడబెట్టిందీ ఫోన్లోని ఆ క్రిప్టో వాలెట్‌లోనే ఉన్నాయి. పెళ్ళయ్యాక బట్టల కొట్టు పెట్టుకుందామనుకున్నారు. ఒకరు లేకుండా ఒకరు తెరవకూడదని, వెళ్ళేముందు అతనే ఆ మాటల కాగితాన్ని రెండుగా కత్తిరించి, మొదటి సగం ఆమెకిచ్చాడు.

తెరుచుకోకపోతే డబ్బు పోతుంది. తెరుచుకుంటే బావ పోతాడు.

ఆమె ముక్క ముందూ, తనది వెనకా పెట్టి కొట్టాడు. మాటలు సరిపోలేదంది ఫోను. మళ్ళీ కొట్టాడు. అదే మాట.

"ఇందులో ఏవన్నా దిద్దేవా?"

"అక్షరం కూడా ముట్టుకోలేదు బావా!"

అది నిజమే. కానీ ఇంకో నిజం దాచింది. అది చెబితే మనసు బయటపడిపోతుంది.

"అయితే పోయినట్టేనే, దుర్గా." ఫోను మిషను మీద బోర్లించేశాడు.

అది చూశాక ఆమె ఉండలేకపోయింది.

"నా ముక్క వెనక పెట్టి కొట్టు."

"మొదటిది నీకే కదా ఇచ్చేను!"

"ఇచ్చేవు. నువ్వు బస్సెక్కేరోజు, మా అమ్మ పులిహోర పొట్లం కడుతుంటే, నీ చొక్కా జేబులో ముక్క తీసేసి నాది పెట్టేసేను."

"ఎందుకే?"

దుర్గ తలొంచుకుని సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కితేనా!

"ఊరుకాని ఊరెళ్ళే మనిషికి సగం నుంచి మొదలయ్యేది ఇవ్వబుద్ధి కాలేదు. మొదలు నీ దగ్గరుంటే, మిగతాదాని కోసం నా దగ్గరికే రావాలి కదా అని..."

నాగరాజు ముక్కలు అటూ ఇటూ మార్చి మళ్ళీ కొట్టాడు. తెరపై చక్రం తిరిగింది, తిరిగింది. వాలెట్ తెరుచుకుంది.

దుర్గ అటు చూడలేదు. "నీది నువ్వు తీసుకుని వెళ్ళు మరి," అంది వాన వైపు తిరిగి.

"అత్తయ్యగారూ!" వంటింట్లోకి కేకేశాడు నాగరాజు. "భోజనానికుంటానండీ! ముహూర్తం సంగతి కూడా మాట్లాడాలి."

"ఆయ్! కాళ్ళు కడుక్కో బాబూ!" అంది లోవమ్మ లోపల్నుంచి.

తువ్వాలొచ్చి అతని మొహమ్మీద పడింది.

"ముందు తల తుడుచుకో. జలుబు చేస్తే మళ్ళీ నాకే పని."