మూత వెయ్యని డబ్బా

ఆ రోజు ఉదయం కూడా ఆ ఇంట్లో మాటలు వంటగది మీదుగానే నడిచాయి.

"అమ్మా, అటక మీది పెట్టె దించానని నాన్నకి చెప్పు" అంది కూతురు. నాన్న రెండడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని సాక్సులు తొడుక్కుంటున్నాడు.

"తాళంచెవి ఎక్కడ పెట్టిందో అడుగు దాన్ని" అన్నాడాయన.

"నేనేమన్నా మీ ఇద్దరికీ తపాలా పెట్టెనా?" ఇల్లాలు టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "ఏడు నెలలుగా మోసి మోసి నా గొంతు అరిగిపోయింది. తాళంచెవి మీ జేబులోనే ఉంది. అయినా ఈ వయసులో హాస్టల్లో ఉండి చదువుకోవడమేమిటండీ? దుప్పటి మడతపెట్టడం కూడా రాదు మీకు."

"ఐదు రోజులేగా. కథలు రాయడం నేర్పుతారట."

"మీకు కథలు చెప్పడం ఒకరు నేర్పాలా!"

కూతురు నవ్వాపుకోవడానికి అటు తిరిగింది. ఆయన అది చూశాడు. ఆ నవ్వులో తనకీ వాటా ఉంటుందేమోనని ఆశపడ్డాడు. లేదు.

ఆయనది రంగుల కొట్టు. ముప్ఫై ఏళ్ళ అనుభవం. గిరాకీ నోట్లో మాట పూర్తి కాకముందే డబ్బా తీసి ముందు పెట్టగలడు. చదువయ్యాక కూతురు కూడా కొట్లోనే కూర్చునేది. వెలిసిన గోడపెచ్చు చేతిలో పెడితే చాలు, కంటిచూపుతోనే అదే రంగు కలిపి ఇచ్చేది.

ఏడు నెలల కిందట కొట్టుకి ఫోనొచ్చింది. గుడ్డలకు రంగులద్దే పెద్ద మిల్లు వాళ్ళు. మీ అమ్మాయి పరీక్షలో నెగ్గింది, ఎప్పుడు చేరుతుందని అడిగారు. పిల్ల భోజనానికి వెళ్ళింది. "అంత దూరం పంపలేమండీ, వేరేవాళ్ళని చూసుకోండి" అనేశాడాయన, డబ్బా ముందు పెట్టినంత సులువుగా. తొమ్మిది రోజుల తరవాత కొట్లో మాటల్లో మాటగా కూతురికి చెప్పాడు. అప్పటికే ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరిపోయారు.

పిల్ల పోట్లాడి ఉంటే బాగుండేది. పోట్లాటలో అటోమెట్టు ఇటోమెట్టు దిగి బేరం కుదుర్చుకోవచ్చు. మాటే ఆపేసినవాళ్ళతో బేరం ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి? గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆయన జరిగిందంతా కథగా రాశాడు. పేపర్లో శిబిరం ప్రకటన చూసి పంపాడు. రమ్మని ఉత్తరం వచ్చింది. పన్నెండుమంది కూర్చుని చదువుతారట. సరే, తూకానికి పెడదాం, ముల్లు ఎటు మొగ్గుతుందో చూద్దాం అనుకున్నాడు. మొగ్గేది తనవైపేనని ఆయనకి అనుమానం లేదు.

శిబిరం సెలవులిచ్చిన ఒక బడిలో జరిగింది. తరగతి గదుల్లో ఇనప మంచాలు వేశారు. మోకాళ్ళు తగిలే బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని ఆయన నోటుపుస్తకం తెరిచాడు. అందరూ ఆయన్ని 'రంగులాయన' అన్నారు. పాఠం చెప్పే మేడమ్ నర్సుగా పనిచేసి రిటైరై, పాతికేళ్ళుగా కథలు రాస్తున్న మనిషి.

"ఇక్కడ ఒకటే పద్ధతి" అందావిడ. "ఎవరి కథ చదువుతామో వాళ్ళు నోరు విప్పకూడదు. అందరూ మాట్లాడాక ఒక్క ప్రశ్న అడగొచ్చు. సంజాయిషీ ఇవ్వకూడదు. రేపు మీ కథ చదివిన ప్రతివాళ్ళింటికీ వెళ్ళి సర్దిచెప్పలేరు కదా."

మూడోరోజు ఆయన వంతు వచ్చింది. బస్సు కండక్టరొకాయన కథ పైకి చదివాడు.

"తండ్రి మంచివాడేనండీ" అన్నాడు చదివేసి. "కాకపోతే ఎక్కడికో అడక్కుండానే టిక్కెట్టు కొట్టి చేతిలో పెట్టే రకం."

గొల్లున నవ్వారు. రంగులాయన కూడా నవ్వబోయాడు. పెదాలు సాగలేదు.

"ఎనిమిది పేజీల్లో ఆ అమ్మాయి ఒక్కసారైనా మాట్లాడిందా?" అంది వెనక బెంచీలో ఉన్న టీచరమ్మాయి. "ఉద్యోగం పోయిందని తెలిసినప్పుడు ఏమంది? 'అలిగింది' అని ఒక్క ముక్కతో దాటేశారు."

"పిల్ల సుఖం కోసమే కదమ్మా ఆయన వద్దన్నది?" అన్నాడు కండక్టరు.

"నాలుగో పేజీ చూడండి. అమ్మాయి వెళ్ళిపోతే కొట్టు ఏమవుతుందో మూడు పేరాలుంది. అమ్మాయి ఏమవుతుందో ఒక్క లైనైనా ఉందా?"

ఆయన చెవులు వేడెక్కాయి. 'అది కాదమ్మా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేడమ్ వేలెత్తింది. మింగేశాడు. ఎంత మొండి గిరాకీనైనా మాటలతో తిప్పుకునే మనిషి, ఆ ఇరుకు బెంచీలో నోరు కట్టేసినట్టు కూర్చుండిపోయాడు. ఒకరి తరవాత ఒకరు ఆయన ఇంట్లోకి వచ్చి సామానంతా తిరగేసి చూస్తున్నట్టుంది. అడ్డుపడే వీల్లేదు.

"ఇప్పుడు మీ ప్రశ్న" అంది మేడమ్.

తప్పెవరిదో చెప్పమని అడగాలని ఇంటి దగ్గరే తయారుచేసుకున్నాడు. నోట్లోంచి మాత్రం వేరేది వచ్చింది.

"ఆ అమ్మాయి... ఆ రోజు ఏమని ఉంటుందండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఆ కొట్లో మేం లేముగా, నాయనా."

మిగిలిన రెండురోజులూ ఆ ఒక్క మాట రాద్దామని కూర్చున్నాడు. ఆ రోజు ఎండ కౌంటరు మీద ఎక్కడిదాకా పడిందో గుర్తుంది. తనన్న ప్రతి మాటా పొల్లుపోకుండా గుర్తుంది. కూతురి పెదాలు కదలడం కూడా గుర్తుంది. మాట మాత్రం గుర్తులేదు. సొంత కొట్లో, మూరెడు దూరంలో, సొంత బిడ్డ అన్న మాట. కాగితం తెల్లగానే ఉండిపోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆయనకి వినడమే లోకువైపోయింది.

తిరిగొచ్చిన మధ్యాహ్నం ఇంటికి కాకుండా పెట్టెతో నేరుగా కొట్టుకే వెళ్ళాడు. కూతురు తెల్లరంగు డబ్బా మూత తీసి కర్రతో కలుపుతోంది. ఆయన కౌంటరు ఇవతల, గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుతానమ్మా. ఆ రోజు నువ్వేమన్నావు?"

ఆ పిల్ల అలవాటుగా పక్కకి చూసింది. అమ్మ లేదు.

"ఎందుకూ? కథలో రాసుకోడానికా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కర్ర నాలుగు చుట్లు తిరిగి ఆగింది.

"'నన్నొక్క మాట అడగొచ్చుగా నాన్నా' అన్నాను. నువ్వు 'ముందా డబ్బా మూత వెయ్యి, పొర కడుతుంది' అన్నావు."

మూత సంగతి ఆయనకి గుర్తే. మూత బిగించిన చప్పుడూ గుర్తే. దాని ముందున్న మాటే చెవిన పడలేదు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"వేశాను మూత" అంది కూతురు. "తరవాత నీతో అనడానికి ఇంకేం మిగిలిందో నాకు తెలీలేదు."

రేపే మిల్లుకి ఫోన్ చేస్తానమ్మా, కాళ్ళావేళ్ళా పడతాను అనాలనిపించింది. మళ్ళీ తనే, మళ్ళీ ఆ పిల్ల బదులు మాట్లాడేది తనే. ఆ మాటనీ మింగేశాడు. అమ్మిన సరుకైతే వెనక్కి తీసుకుని వేరేది ఇస్తాడు. దీనికి బదులివ్వడానికి ఆయన కొట్లో ఏముంది?

"ఇంకోచోట పరీక్ష రాశాను. వస్తే వెళ్తాను. నీ కొట్టు ఏమవుతుందో నాకు తెలీదు." ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసింది. "ఏమీ అనవేం నాన్నా?"

ఏడు నెలల తరవాత ఎదురుగా ఉండి పిలిచిన పిలుపు. ఆయన తల ఊపాడంతే. కళ్ళు తుడుచుకోడానికి చేతికందిన రంగుగుడ్డ తీశాడు.

"అది కాదు, మొహం నీలమవుతుంది!" కూతురు కౌంటరు చుట్టూ తిరిగొచ్చి, గుడ్డ లాక్కుని చున్నీ అంచు ఇచ్చింది. ఇంకో స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. పరీక్షకి వెళ్ళినప్పుడు ఆ మిల్లులో తనకు చూపించిన గది గురించి చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద కిటికీలట. మూడువందల రకాల నీలాలట.

ఆయన వింటున్నాడు. కౌంటరు మీద తెల్లరంగు డబ్బా తెరిచే ఉంది. పైన సన్నగా పొర కడుతోంది. ఆయన చూశాడు. ఏమీ అనలేదు.